గుడ్లు కదలకుండా పెరిగే నల్లగడ్డ

ఒకప్పుడు సముద్రంలో నల్లగడ్డలు ఇప్పట్లా పాతాళంలో ఉండేవి కావు పిల్లలూ. మోకాలిలోతు నీళ్లలోనే, చేమదుంపల్లా గుండ్రంగా పడి ఉండేవి. వట్టి రాళ్లనుకునేరు, లోపలంతా లోహమే! కరిగించి కొడితే కత్తి, పోత పోస్తే లంగరు.

ఇంకో వింత చెప్పనా? నాలుగు గడ్డలు వదిలిపెడితే చాలు, తెల్లారేసరికి వాటి చుట్టూ నలభై మొలిచి గబగబా ఉబ్బేవి, పుట్టగొడుగుల్లాగా! అందుకే జాలర్లు చేత్తో ఏరుకుని, సగం అక్కడే వదిలి వచ్చేవారు.

ఎల్లాజీ అనే జాలరికి ఏరి ఏరి నడుం పట్టేసింది. "సేపల్ని ఒక్కోటీ ఏరతామేటి? వలేసి లాగేద్దాం!" అన్నాడు.

లాగాడు. వలకి చిన్నా పెద్దా తెలుస్తుందా? అడుగంతా ఊడ్చుకొచ్చింది. నీళ్లు బురద బురద. నీళ్లలో ఒక్క గడ్డ మిగల్లేదు.

ఒడ్డున వాళ్లావిడ నూకరత్నం గడ్డల్ని గంపకెత్తుతోంది. అంతలో ఒక ఆక్టోపస్ తల్లి ఎనిమిది చేతులతో ఇసక మీద పాక్కుంటూ వచ్చింది.

"అక్కా, నా గుడ్లు! ఆ గంపలో గడ్డకి అంటించి పెట్టుకున్నాను. ఎండిపోతే చచ్చిపోతాయి!"

నూకరత్నం గంప బోర్లించింది. నిజమే, ఒక గడ్డ మీద సగ్గుబియ్యంలా గుడ్లు.

"నీ కళ్లేటైపోనాయయ్యా? గుడ్లున్న పీత వల్లో పడితే దండం పెట్టి వదిలేస్తావు. గుడ్లున్న రాయిని వదల్లేకపోనావా?"

"పీతైతే కాళ్లాడిస్తాది. రాయి ఆడించదు గదే!"

"అయితే నీ కాళ్లే ఆడించు. పరిగెట్టు!"

పరిగెత్తాడు. ఆ గడ్డని మెల్లగా నీళ్లలో పెట్టాడు. మిగతావీ తెచ్చి వదిలాడు. నీళ్లు తగిలాయి కదా, గుడ్లున్న గడ్డ గబుక్కున ఉబ్బింది. పాపం, దాని అలవాటు అది! రెండు గుడ్లు రాలి అలకి కొట్టుకుపోయాయి.

"ఆగు తల్లీ, ఆగు!" ఆక్టోపస్ తల్లి ఏడ్చేసింది. "పెరగొద్దనను. నా గుడ్లు కదలకుండా పెరగలేవా?"

గడ్డ మనసు కరిగింది. "నీ పిల్లలకి తెలియనంత నిదానంగా పెరుగుతాను. కానీ ఇక్కడ ఇటు అల, అటు వల. సముద్రమ్మా, మమ్మల్ని ఎక్కడైనా దాచవా?"

సముద్రమ్మ గడ్డలన్నిటినీ, ఆ తల్లినీ ఒళ్లోకి ఎత్తుకుంది.

"అమ్మా, మరి మా మనవలకి లంగర్లు?" అన్నాడు ఎల్లాజీ, తల గోక్కుంటూ.

"వాళ్ల వాటా నా దగ్గరే ఉంటుందిరా నాయనా. వలతో మటుకు రానీకు. గుడ్లున్నది వదిలి, పక్కది చేత్తో ఏరుకోవడం నేర్చుకుని రమ్మను."

అలా అని లోతుకి, ఇంకా లోతుకి, ఎండ కూడా దిగలేని చోటికి వాటిని తీసుకుపోయింది.

అప్పటినుంచే నల్లగడ్డలు సముద్రం అట్టడుగున ఉంటున్నాయి. గోరంత పెరగడానికి లక్షల ఏళ్లు తీసుకుంటున్నాయి. మరీ అంత నిదానమా అంటారా? ఏం చేస్తాయి మరి, ఏ రోజు చూసినా వాటి మీద ఎవరో ఒక తల్లి గుడ్లు పెట్టుకునే ఉంటుంది!