రాజుగారి వాడుకకు తొమ్మిది బండ్లు

కోట వాకిలి దగ్గరుండే సుంకం పెట్టెను కొలువులోకి తెప్పించి, సిరిగిరి రాజు రంగభూపాలుడు స్వయంగా మూత తీసి చూశాడు. లోపల మూడు రాగి కాసులు, ఒక చచ్చిన బల్లి ఉన్నాయి.

"ఏమిటయ్యా ఇది, ఓబులేశూ?"

సుంకరి ఓబులేశు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బల్లి, ప్రభూ. ఏమైనా దొరుకుతుందని పెట్టెలో దూరి, ఆకలితో పోయినట్టుంది."

రాజుకు నవ్వొచ్చింది కానీ, పక్కనే ఉన్న మంత్రి త్రిపురాంతకం నవ్వనివ్వలేదు. ఆయన తలపాగా సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. ఆ తలపాగా లేకుండా ఆయన్ను చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు.

"సుంకరికి చేతకాకపోతే చేతనైనవాణ్ణి పెట్టాలి ప్రభూ. మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

ఓబులేశుకు ఒళ్లు మండింది. పెట్టె ఎందుకు ఎండిపోయిందో ఆ మంత్రికి తెలియదా! రాజుగారి వాడుకకు వచ్చే సరుకు మీద సుంకం లేదని రంగభూపాలుడు ఏనాడో మినహాయింపు ఇచ్చాడు. న్యాయమే, రాజు సుంకం రాజే కట్టుకోవడం ఏమిటి? కానీ 'ఇది రాజుగారి వాడుకకు' అని తాటాకు మీద రాసి ముద్ర వేసే పని త్రిపురాంతకం చేతిలో ఉంది. ఆయన ఇంటి సరుకు, ఆయన స్నేహితుల సరుకు, స్నేహితుల వియ్యంకుల సరుకు, అంతా ఆ ఆకు పట్టుకునే వాకిలి దాటుతోంది. పెట్టెలోని మూడు కాసులూ కట్టెలమ్ముకునే ఒక ముసలమ్మవి.

ఆ మాట కొలువులో అంటే రుజువేదని అడుగుతారు.

"పున్నమి నాటికి పెట్టె నిండాలి," అన్నాడు రాజు. "కొత్త సుంకం వేయకూడదు. నేనిచ్చిన మినహాయింపు పోకూడదు. ఆకు ఉన్న బండిని వాకిట్లో ఆపకూడదు. నిండకపోతే కొలువు మంత్రిగారి బావమరిదికి."

కొలువు పోతే వాకిలి పక్కనున్న రెండు గదుల ఇల్లూ పోతుంది. ఓబులేశు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడే కానీ ముద్ద దిగలేదు. పాతికేళ్లుగా ఒక్క కాసు కాజేయనివాడికి ఇదా బహుమానం అని ఏడుపొచ్చింది.

భార్య సుంకులమ్మ కిటికీలోంచి బండ్లను చూస్తోంది.

"ఏమయ్యా, పోయిన నెల నలభై జాడీల ఆవకాయ పోయింది కదా, అదంతా రాజుగారికేనా?"

"ఆకు మీద అట్లే ఉండాది."

"అయ్యో పాపం! ఆ మహానుభావుడి కడుపు ఏం గాను?"

ఓబులేశు ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. ఆ తర్వాత చకచకా అన్నం కలిపి, మారు కూడా వడ్డించుకున్నాడు.

పున్నమికి ముందు రోజు పొద్దున తొమ్మిది బండ్లు వచ్చాయి. మర్నాడే త్రిపురాంతకం కొత్త ఇంటి గృహప్రవేశం. ఓబులేశు ఆకు కళ్లకద్దుకున్నాడు. ఆచారం ప్రకారం ఒక్కో బండికీ సున్నంతో రాజుగారి గొడుగు గుర్తు వేసి, "రాజుగారి సరుకు! దారి!" అని మూడుసార్లు కేక పెట్టాడు. ఒక్క బండినీ ఆపలేదు. వెనకాల నలుగురు బంట్లను మాత్రం పంపాడు.

"రాజుగారి సరుకు దారిలో ఎవరైనా కాజేస్తే నా తల పోతుంది. తిన్నగా నగరులో, రాజుగారి వాకిట్లోనే దింపించి రండి."

సేనాపతి మంచం వచ్చింది. అదీ నగరికే పోయింది. పురోహితుడి నేతికుండలు వచ్చాయి. అవీ పోయాయి. మధ్యాహ్నానికి రాజుగారి వాకిట్లో కాలు పెట్టే చోటు లేదు.

గోల విని రంగభూపాలుడు కొలువంతటినీ వెంటేసుకుని బయటికొచ్చాడు. ఉయ్యాల బల్ల, ఆవకాయ జాడీలు, పట్టుచీరల మూటలు చూసి నోరు తెరిచాడు. ఒక మట్టికుండకు కట్టిన చీటీ విప్పి పైకి చదివాడు.

"బట్టతల తైలం. మూడు పూటలా మర్దన చేయవలెను."

రాజు చేయి తన నల్లని ఒత్తు జుట్టు మీదికి పోయింది. ఊళ్లో దేని గురించైనా ఏమైనా అనొచ్చు, ఆ జుట్టు గురించి మాత్రం అనకూడదు.

"నాకు బట్టతల అని ఎవడన్నాడు?"

సుంకం పెట్టెతో సహా అక్కడికి చేరిన ఓబులేశు వినయంగా ఆకు చాచాడు.

"రాజుగారి స్వంత వాడుకకు అని మంత్రిగారే రాశారు ప్రభూ."

త్రిపురాంతకం ఇరుకున పడ్డాడు. తనది అంటే దొంగ ముద్ర బయటపడుతుంది. రాజుది అంటే ఉద్యోగంతో సరిపోదు. ఆయన తలపాగా తీశాడు. నున్నటి తల ఎండలో తళతళలాడింది.

"కుండ నాది, ప్రభూ."

"ఆవకాయ?"

"నాదే."

"ఉయ్యాల?"

"నాదే ప్రభూ. తొమ్మిది బండ్లూ నావే. రేపు ఇంటికి మూడొందల మంది వస్తారు, దయచేసి ఇప్పించండి."

ఓబులేశు సుంకం పెట్టెను ఆయన ముందు పెట్టి మూత తీశాడు. మంత్రి గలగలా కట్టాడు, ఒకటికి రెండింతలు. ఆయన వెనకాల సేనాపతి, ఆ వెనకాల పురోహితుడు నేల చూపులు చూస్తూ వరస కట్టారు. సాయంత్రం కాకముందే పెట్టె నిండిపోయి మూత పడనంటోంది.

"నేనిచ్చిన మినహాయింపును కాలరాశావన్న మాట," అన్నాడు రాజు ఓబులేశుతో, నవ్వు ఆపుకుంటూ.

"లేదు ప్రభూ. మీరు మినహాయింపు ఇచ్చింది సరుకు చేరే చోటును చూసి, తెచ్చే మనిషిని చూసి కాదు. నేను ఆ చోటుకు చేర్చానంతే."

రాజు పగలబడి నవ్వాడు. "భళా! నేటి నుంచి నీకు ఏ సుంకమూ లేకుండా మినహా..."

ఓబులేశు చప్పున చెవులు మూసుకున్నాడు.

"ఆ మాటొక్కటి వద్దు ప్రభూ! పెట్టె ఇప్పుడే నిండింది!"

రాజు కళ్లు తుడుచుకుంటూ తన బంగారు కడియం తీసి అతని చేతికి తొడిగాడు. ఓబులేశు దండం పెట్టి, మొలలోంచి ఒక కాసు తీసి పెట్టెలో వేశాడు.

"అదెందుకు?"

"ఇందాకటి దాకా ఈ కడియం రాజుగారి వాడుక, ప్రభూ. ఇప్పుడు నా వాడుక కదా!"

వాకిలంతా నవ్వులతో మోగిపోయింది. త్రిపురాంతకం కూడా నవ్వాడు, కుండను గుండెలకు హత్తుకుని.