తోడు వస్తానంటే

తవిటినాయుడు గారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ల ముఖం కాసేపు చూసి, "ఏటైంది?" అంటారు. ఏదో ఒకటి జరగకుండా ఎవరికీ ప్రశ్న పుట్టదని ఆయన నమ్మకం. బొబ్బిలిలో మూతపడిన ఒక రైసుమిల్లు ఆవరణలో ఆయన పొద్దున్నే కర్రసాము నేర్పుతారు. నేర్చుకునేవాళ్లంతా పిల్లలే. నడుంనొప్పి తగ్గుతుందని ఎవరో చెబితే నలభై దాటాక వచ్చి చేరినదాన్ని నేనొక్కదాన్నే. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను గనక ఆ పిల్లలకి అక్కడ కూడా నేను మేడమ్‌నే.

ఆ పిల్లల్లో ధరణిది అందరికంటే మంచి చెయ్యి. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి లారీ నడుపుతాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. తల్లి జూట్ మిల్లులో పని చేస్తుంది. తక్కువ మాట్లాడే పిల్ల. కర్ర పట్టుకుంటే మాత్రం ఎవరికీ భయపడదు. అలాంటిది ఒక శుక్రవారం సాధన అయిపోయి పిల్లలంతా వెళ్లిపోయినా ఇంటికి కదల్లేదు. కర్రకి చుట్టిన గుడ్డ విప్పడం, మళ్లీ చుట్టడం, అదే పని. చివరికి గురువుగారి దగ్గరికి వచ్చి అడిగింది.

"గురువుగారూ, ఎదురుగా నిలబడని మనిషి మంచివాళ్లో కాదో ఎలా తెలుస్తుంది?"

"ఏటైంది?" అన్నారాయన.

మెల్లమెల్లగా చెప్పింది. తను కర్ర తిప్పే వీడియోలు ఫోన్లో పెడుతూ ఉంటుంది. అవి చూసి వర్షిణి అనే అమ్మాయి పలకరించింది. చిత్తూరు వైపు వాళ్లట, తనూ కర్రసాము నేర్చుకుంటోందట. నాలుగైదు నెలల్లో ప్రాణస్నేహం అయిపోయింది. ఫిజిక్స్ పరీక్ష పోయిన రోజున ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఏడుస్తుంటే, నిద్రపోయేదాకా మాటలు రాస్తూ కూర్చున్నది ఆ వర్షిణే. ముఖం చూస్తూ మాట్లాడదామంటే తన ఫోన్లో కెమెరా పాడైందంటుంది. ఇప్పుడు ఆదివారం విశాఖపట్నంలో ఆడపిల్లలకి పెద్ద శిబిరం ఉందని, ధరణి పేరు తనే ఇచ్చానని రాసింది. రైలు దిగితే చాలు, వర్షిణి బాబాయి కారుతో వచ్చి తీసుకెళ్తాడు. ఎంపిక అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు. ముందే చెబితే ఇంట్లో పంపరు, ఇక్కడి వాళ్లు కుళ్లుకుంటారు.

"వెళ్లాలని ఉంది. భయంగానూ ఉంది. భయపడితే దాన్ని అనుమానించినట్టు అవుతుంది కదా" అంది ధరణి.

బడిలో పిల్లలకి చెప్పే పాఠమంతా నోటిదాకా వచ్చింది. "చూడు ధరణీ, ఇలాంటి వాళ్లు..." అని మొదలుపెట్టాను. గురువుగారు నా వైపు చూడకుండానే చెయ్యి కాస్త ఎత్తారు. నేను ఆగిపోయాను. ఆయన అరుగు మీద కూర్చుని, పక్కన దుమ్ము తువ్వాలుతో దులిపి, ధరణిని కూర్చోమన్నారు.

"ఆ పిల్లకి ఇప్పుడే రాయమ్మా. వస్తానను. మా గురువుగారు కూడా తోడు వస్తారను."

ధరణి ముఖం తేటపడింది. ఆయన వద్దనలేదు, తిట్టలేదు. గబగబా రాసి పంపింది. అవతలి నుంచి వెంటనే వచ్చింది జవాబు. ధరణి దాన్ని పైకి చదివింది.

"ఆయనకి ఎందుకు చెప్పావు?"

ధరణి మా వైపు చూసింది. ఇంకొకటి వచ్చింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చావు కదా అని. తరువాత, నీ కోసం బాబాయిని ఎంత బతిమాలానో తెలుసా అని. తరువాత, నువ్వు తప్ప నాకు ఎవరూ లేరు, నువ్వు కూడా నమ్మకపోతే ఎలా అని. ధరణి చదవడం ఆపేసింది. "బాధపడుతోంది గురువుగారూ" అంది.

"బాధపెట్టకు. గురువుగారు శిబిరంలోకి రారు, బయటే ఉంటారని రాయి. మీ బాబాయితో ఫోన్లో ఒక్క ముక్క మాట్లాడి దండం పెట్టుకుంటారట అని కూడా రాయి."

రాసింది. ముగ్గురం ఆ ఫోను చూస్తూ కూర్చున్నాం. మిల్లు గోడ మీద ఎండ పాకి మా కాళ్ల దాకా వచ్చింది. జవాబు రాలేదు. ధరణి మళ్లీ ఒకసారి పేరు పెట్టి పిలుస్తూ రాసింది. ఆ మాట అవతలికి చేరలేదు. చూస్తుండగానే వర్షిణి బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు గుండ్రం మిగిలింది. అన్ని నెలల స్నేహం ఒక్క క్షణంలో తలుపు మూసేసుకుంది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ధరణి మాత్రం ఫోను కింద పెట్టలేదు. "భయపడి ఉంటుంది. పెద్దవాళ్లంటే తనకి భయమని ఎప్పుడో చెప్పింది" అంది.

"అవ్వచ్చు" అన్నారు గురువుగారు.

"నేనే పోగొట్టుకున్నానేమో."

"అది కూడా అవ్వచ్చు."

ఆయన అలా అనడం నాకు నచ్చలేదు. ధరణికీ నచ్చలేదు. ఆ పిల్ల కర్ర గోడకి ఆనించి, దండం కూడా పెట్టకుండా వెళ్లిపోయింది. వాళ్లమ్మకి చెప్పొద్దా అని నేను నిలదీశాను. "సాయంత్రం నేను ఎల్తాను. ఆదివారం దాటేదాకా పిల్ల మీద కన్నేసి ఉంచమని చెప్తాను. మిగతాది పిల్లే చెప్పాల. అది చెప్తే కొట్టొద్దని కూడా చెప్తాను" అన్నారు. చెప్పినట్టే వెళ్లి వచ్చారు.

శని, ఆదివారాలు ధరణి సాధనకి రాలేదు. విశాఖా వెళ్లలేదు. ఇంట్లో ఒక మూల కూర్చుని, ఒకసారి గురువుగారి మీద, ఒకసారి తన మీద, ఒకసారి ఆ వర్షిణి మీద కోపం తెచ్చుకుంటూ గడిపానని తరువాత నాతో చెప్పింది. ఎవరి మీద కోపమూ గంటసేపు నిలవలేదట.

మంగళవారం పొద్దున్న తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి పేరు రాములమ్మ. చేతిలో ఫోను పట్టుకున్న తీరు చూస్తే అది కరుస్తుందేమో అన్నట్టుంది. ఎవరిదో కొత్త పేరుతో ముందురోజు ధరణికి ఒక సందేశం వచ్చింది. నేను వర్షిణినే, మీ గురువు మన మధ్య నిప్పులు పోశాడు, అయినా నేను మరిచిపోలేను. ఈసారి నువ్వు ఎక్కడికీ రానక్కర్లేదు. బాబాయే బొబ్బిలి వస్తాడు. మీ వీధి చివర పాల కేంద్రం దగ్గర కారు ఆపుతాడు. అమ్మకి చెప్పకు.

"మా వీధి సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు మేడమ్" అంది ధరణి. తన వీడియోలు మొదటి నుంచీ మళ్లీ చూసిందట. ఒకదాంట్లో వెనకాల, తిరుగుతున్న కర్ర సందులోంచి, పాల కేంద్రం బోర్డు కనిపిస్తోంది.

రాములమ్మ గురువుగారితో అంది. "కొడదామనే లేచానండి. మీరు వద్దని చెప్పినా లేచాను. ఇది ఫోను నా ఒళ్లో పెట్టి పక్కన కూచుండిపోయింది. చెయ్యి రాలేదు."

ఆ రోజు నేను బడికి సెలవు పెట్టాను. నలుగురం పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. అక్కడి మహిళా ఎస్సై ఓపిగ్గా విన్నది. సందేశాలేవీ చెరపొద్దని, జవాబు రాయొద్దని చెప్పి ఫిర్యాదు తీసుకుంది. తరువాత తెలిసినదల్లా ఒక్కటే. వర్షిణి పేరు మీద ఉన్న ఫొటో ఎక్కడో దూరాన ఉన్న వేరే అమ్మాయిది. ఆ పిల్లకి ఈ సంగతే తెలియదు. రాసినది ఆడో మగో, ఒకరో ఇద్దరో, బాబాయి అనేవాడు ఉన్నాడో లేడో ఇంతవరకూ తేలలేదు. పాల కేంద్రం దగ్గర ఏ కారూ ఆగలేదు. ఆగిందేమో, మాకు తెలియదు.

ధరణి మళ్లీ సాధనకి వస్తోంది. కొన్నాళ్లు ఏ శబ్దం విన్నా వెనక్కి తిరిగి చూసేది. ఇప్పుడు కాస్త తగ్గింది. ఒక ఉదయం అందరం కర్రలు కడుగుతుండగా గురువుగారి ఎదుట నిలబడి, చాలా రోజులుగా మింగుతున్నట్టున్న మాట అడిగింది.

"పరీక్ష పోయిన రోజున నన్ను ఓదార్చింది ఎవరు గురువుగారూ? ఆ రోజు ఆ మాటలు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో. అవి కూడా అబద్ధమేనా?"

తవిటినాయుడు గారు ఆ పిల్ల ముఖం చాలాసేపు చూశారు. ఈసారి ఏటైందని అడగలేదు.

"అది నాకూ తెల్దమ్మా" అన్నారు. "నేను నీ పక్కన కూకుంటే ఎవరు లేచి ఎల్లిపోయినారో, అదొక్కటే చూసినాను."