అలిగిన నాడు పేర్చిన బతుకమ్మ

అనగనగనగా ఒక ఊళ్ళె ఓదెమ్మ అని ఒకామె ఉండె. ఊకొట్టు బంగారీ, ఊకొట్టకుంటె కథ ముందుకు నడవదు.

ఓదెమ్మ మంచిదే. కానీ బతుకమ్మ పండుగొచ్చిందంటె ఆమెను పట్టతరం కాకపోయేది. గోడలకు సున్నమెయ్యాలె, సకినాలు చుట్టాలె, వాడకట్టుల అందరికన్న ఎత్తు బతుకమ్మ తనదే కావాలె. అన్నీ ఒక్కతే, అంతా ఆగమాగం! ఎవలన్న చెయ్యి పెట్టబోతె "మీకు రాదు, జరుగుండ్రి" అని కసురుకునేది.

ఆ యేడు బిడ్డ సరూపకు కొత్తగ పెండ్లైంది. పండుగకు తల్లిగారింటికొచ్చింది. కన్న అవ్వతోని కడుపునిండ మాట్లాడాలని ఎంత ఆశపడి వచ్చిందో పాపం!

వచ్చేసరికి ఓదెమ్మ సున్నమేస్తాంది. "అవ్వా, జర నాతోని కూసోవే" అన్నది సరూప. "ఈ గోడ కానియ్యి, కూసుంట" అన్నది ఓదెమ్మ.

ఆ తర్వాత సకినాలు చుడుతుంటె మల్ల అడిగింది. "నూనె కాగుతాంది, కనబడ్తలేదా?" అన్నది ఓదెమ్మ.

ఆ తర్వాత పండుగ ఐదో నాడు, ఆట ఆడొచ్చినంక, కొంగు పట్టుకొని అడిగింది. అప్పుడు ఓదెమ్మ గయ్యిమన్నది. "పండుగ పూట నా పాణం తియ్యకే! నువ్వు రాకున్నా నా పండుగ నేను జేసుకుందును!"

చూసినవా, ఎంత మాటన్నదో! సరూపకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.  రేపు మాపటి బస్సుకు పోత అని మనసుల అనుకొని, సంచి సదురుకున్నది.

తెల్లారి ఓదెమ్మ తంగేడు పువ్వు, గునుగు పువ్వు గంపెడు తెచ్చింది. పగలంత కూసొని నడుమెత్తు బతుకమ్మ పేర్చింది. నెత్తిన వెట్టుకొని ఆడే కాడికి పోయింది. చూస్తె ఒక్క నరపురుగు లేదు!

అప్పుడు అరుగు మీద కూసున్న వాడకట్టు ముసలామె కొమురవ్వ నోరు నొక్కుకున్నది. "ఓ ఓదెమ్మా! ఇయ్యాల అలిగిన బతుకమ్మ గదనే! ఇయ్యాల ఎవలన్న పేరుస్తరా?"

అవును బంగారీ. ఆరో నాడు బతుకమ్మ అలుగుతదట. ఆ నాడు ఎవ్వలు పూలు పేర్చరు, ఆడరు, పాడరు. పని యావల పడి ఓదెమ్మ నాడు మర్చిపోయింది.

"అలిగింది బతుకమ్మ ఒక్కతే కాదు" అన్నది కొమురవ్వ. "నీ బిడ్డ సంచి వట్టుకొని బస్సాగే కాడ కూసున్నది, పోయి చూస్కో."

ఓదెమ్మ పాణం కలుక్కుమన్నది. 'బతుకమ్మ అలిగితె ఊరంత పని బంజేసి కూసున్నది. నా బిడ్డ అలిగితె నేను పూలు పేర్చుకుంట కూసున్ననా!' అనుకున్నది. నెత్తి మీది బతుకమ్మను అరుగు మీద దించి, ఒక్కటే ఉరుకుడు.

పోయి సరూప పక్కన కూలబడ్డది. "ఏంటికొచ్చినవ్? పని లేదా?" అన్నది సరూప, మొఖం తిప్పుకొని.

"ఉన్నది. ఉండనియ్యి" అన్నది ఓదెమ్మ. సరూప చెయ్యి వట్టుకొని, "బిడ్డా, నేను ఇయ్యాల బతుకమ్మ పేర్చిన్నే" అన్నది.

సరూప ఆపుకుందామని చూసింది. ఆగలే. కిలకిల నవ్వింది. నవ్వి నవ్వి, అవ్వ మీద పడి ఏడ్చింది. "అక్కడ నాకు రోజూ నువ్వే యాదికొస్తవే" అన్నది. ఓదెమ్మ కూడ ఏడ్చింది. బస్సొచ్చింది, హారన్ కొట్టింది, ఎక్కెటోళ్లు లేక ఎల్లిపోయింది.

ఆ తర్వాత పండుగ ఆఖరి నాడు, సద్దుల బతుకమ్మ వచ్చింది. ఓదెమ్మ ఇంట్ల ఒక గోడకు సున్నమే లేదు. బతుకమ్మ మోకాలెత్తు కూడ లేదు, ఒక దిక్కు ఒరిగింది కూడ.

"ఏందే ఓదెమ్మా, ఈ యేడు గింతేనా?" అని నవ్విండ్రు ఆడోళ్లు.

"ఇద్దరం ముచ్చట్లు వెట్టుకుంట పేర్చినం" అన్నది ఓదెమ్మ. "మాటలు ఒడవకముందే పొద్దుగూకింది."

కథ కంచికి పాయె ఉయ్యాలో
మనమింటికొస్తిమి ఉయ్యాలో
పనులన్ని రేపాయె ఉయ్యాలో
పండుకో నా తల్లి ఉయ్యాలో