దేవుడి పిడికెడు

చర్చి పాస్టరు పరంజ్యోతి అయ్యగారికి కోపం ముక్కుమీదే ఉండేది. ఎవరైనా పెద్ద ప్రశ్నతో వస్తే, "నువ్వు కళ్లారా చూసిందేమిటో అది చెప్పు" అని కసిరేవారు. ఆయన దగ్గర బైబిలు వాక్యం నేర్చుకోవడానికి వచ్చిన తిమోతికి మాత్రం చూడకముందే అన్నీ తెలుసు. "మనిషి పుట్టుకతోనే పాపి కదండీ? దేవుడు తన పోలికలో చేసిన మంచి ఇంకా ఏమైనా మిగిలిందంటారా?" అని వానాకాలంలో ఒకరోజు అడిగాడు. అయ్యగారు కళ్లెర్రజేశారు.

ఆ పేటలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుడికని తీసి పక్కన పెడుతుంది. ఆదివారం అవన్నీ చర్చిలోని పెద్ద డబ్బాకు చేరతాయి. ఆ ఏడు వాటిని అమ్మి క్రిస్మస్‌కు చర్చికి సున్నాలు వేయించాలని పెద్దలు తీర్మానించారు. ముసురు పట్టి, కూలిపనులు లేక పేటంతా పస్తులుంటే గోడలకు సున్నాలేమిటని ఒక్కడికీ నోరు పెగల్లేదు.

డబ్బాలో బియ్యం తరుగుతున్నాయని తిమోతి కనిపెట్టి మాటువేశాడు. మిట్టమధ్యాహ్నం ఎస్తేరమ్మ వచ్చింది. నిరుడు మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఆదివారాలు అందరికంటే ముందు పాట ఎత్తుకునే గొంతు. కొంగులో బియ్యం మూటగట్టి గబగబా వెళ్లిపోయింది. తిమోతికి ఒళ్లు మండిపోయింది. వండుతుండగా పట్టుకుంటే ఇక బుకాయించలేదు కదా అని వెనకాలే వెళ్లి దడి పక్కన నక్కాడు.

పొయ్యి ముందు పిల్లలిద్దరూ కంచాలు పట్టుకుని కూర్చున్నారు. ఎస్తేరమ్మ బియ్యం చాటలో పోసింది. ఎసరు మరిగాక చాట ఎత్తబోయి ఆగింది. కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న ముంతలో పోసింది.

"అయ్యి కూడా ఎయ్యవే అమ్మా" అంది చిన్నది.

"తప్పమ్మా, దేవుడియ్యి."

తిమోతికి మతిపోయింది. దేవుడి సొమ్ము దొంగిలించి, అందులోంచే దేవుడికి కానుకా! వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చి అయ్యగారి ముందు అంతా వెళ్లగక్కాడు. "మనిషి కుళ్లు ఎంతటిదో ఇవాళ కళ్లారా చూశానండీ! ఆదివారం చర్చిలో ఆవిడ పేరు చదివి ప్రభువు బల్లకు దూరం చేయాల్సిందే."

రొట్టె, ద్రాక్షారసం పంచే ఆ బల్లకు దూరమైన మనిషిని ఆ పేటలో పెళ్లికీ పిలవరు, నాట్లకీ పిలవరు. అది తిమోతికి తెలుసు.

"దొంగిలించేటప్పుడు నువ్వు చూస్తున్నావని ఆమెకు తెలుసా?" అడిగారు అయ్యగారు.

"తెలియదండీ."

"ముంతలో పోసేటప్పుడో?"

తిమోతి తడబడ్డాడు. "అప్పుడూ తెలియదండీ."

"పిల్లలు తిన్నారా?"

"ఏమోనండీ. ఖాళీ కంచాలు పట్టుకుని కూర్చున్నారు. నేను ఇటు వచ్చేశాను."

అయ్యగారి మెడనరాలు ఉబ్బాయి. విసవిసా చర్చిలోకి వెళ్లి, ఆ డబ్బా ఎత్తుకొచ్చి తిమోతి భుజం మీద పెట్టారు. ఆ బరువుకు కుర్రవాడి మోకాళ్లు వంగాయి.

"ముందు ఇది ఆ పొయ్యి దగ్గరికి మొయ్యి. ఆదివారం తప్పకుండా చదువు. ఆమె దొంగిలించిందీ చదువు, పిడికెడు తీసిపెట్టిందీ చదువు. ఆ తరవాత, పిల్లల ఖాళీ కంచాలు చూసి, కబురు మోసుకుంటూ పరుగెత్తుకొచ్చినవాడి పేరు కూడా చదువు."