రాజుగారి దాహం

నిండు కొలువులో, పొరుగు రాజు చూస్తుండగా, గండిదుర్గం రాజుగారి వేటకుక్క సింహాసనం కింద దూరింది. అందుకు ఒక మనిషి తల పోబోయింది.

ఒకానొక రాజ్యంలో అని మొదలయ్యే కథల్లో రాజులందరూ గొప్పవాళ్ళే. ఈ రణభీమ భూపతి తన గొప్ప తనే చెప్పుకునేవాడు. "నలుగురిలో తిరిగితే పౌరుషం చస్తుంది. మా నాన్నగారు నన్ను ఒంటరిగానే పెంచారు" అని మీసం దువ్వేవాడు. అందుకే పిడుగు అనే ఆ కుక్కను పుట్టినప్పటినుంచీ నాలుగు గోడల మధ్య ఉంచాడు. దానికి తిండి పెట్టే ఓబన్న ఎవరితోనూ మాట్లాడకూడదు. యువరాజుదీ అదే పెంపకం. మేడ మీద శ్లోకాలు వల్లిస్తాడు, మనిషి అలికిడైతే తెర వెనక నక్కుతాడు.

ఆ రోజు కొలువులో కుక్క దాక్కోవడం చూసి పొరుగు రాజు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. రాజు ఓబన్నను నిలదీశాడు.

"నా కుక్కను పిరికిదాన్ని చేశావు. ఏమంటావ్?"

ఓబన్న పెదవులు కదిలాయి గాని మాట పెగల్లేదు. మాట్లాడే అలవాటు తప్పి ఏళ్ళయింది.

"తప్పు చేసినవాడికి మాటెలా వస్తుంది? పొద్దుగూకగానే తల తీయండి!"

కొలువంతా నేల చూపులు చూసింది. లేచింది తిరువెంగళమ్మ ఒక్కతే. ఆమె ఆస్థాన విదుషి, ఎవరికీ జడిసే మనిషి కాదు.

"ప్రభూ, పౌరుషానికి మంది అక్కర్లేదంటారు. తమరు ఇవాళ అంగడి వీధికి వెళ్ళి, రాజునని చెప్పకుండా, గుక్కెడు మంచినీళ్ళు తాగగలరా?"

"అదో పరీక్షా?"

"తాగితే ఓబన్న తలతోపాటు నా తలా తీయించండి. తాగలేకపోతే నేనడిగింది ఇవ్వాలి."

మంత్రి కళ్ళతోనే వద్దన్నాడు. ఆమె చూడనట్టు ఊరుకుంది.

ముతక పంచె, తలగుడ్డతో రాజు బయల్దేరాడు. పక్కన తిరువెంగళమ్మ. పొద్దు అప్పటికే కోట బురుజు మీదికి వాలింది.

చలివేంద్రం దగ్గర జనం వరసలో ఉన్నారు. రాజు తిన్నగా ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇంతమంది కనబడలేదా? వెనక్కి నడు" అంది నీళ్ళు పోసే ఆమె.

దాహమేస్తే రాజుకు తెలిసిన మాట ఒకటే. గట్టిగా అరిచాడు.

"ఎవరక్కడ!"

జనం అటూ ఇటూ చూశారు.

"ఎక్కడ?" అన్నాడో గాజులవాడు. "ఇక్కడైతే మేమే ఉన్నాం. నీకెవరు కావాలన్నా?"

"పాపం, ఎండదెబ్బ. పట్టుకోండి, పడిపోతాడు!"

అందరూ మీదికొచ్చారు. రాజు ఒకడుగు వెనక్కి వేశాడు, ఇంకొకటి వేశాడు. ఆఖరికి తిరువెంగళమ్మ వెనక చేరి ఒదిగి నిలబడ్డాడు.

ఆమె తల తిప్పకుండానే, గొంతు తగ్గించి అడిగింది.

"కుక్క దాక్కుంటే పెంచినవాడి తల తీయమన్నారు. ఇప్పుడు తమను పెంచిన పెద్దరాజుగారి తల ఎక్కణ్ణుంచి తెప్పించమంటారు?"

రాజు చెయ్యి నడుములోని బాకు మీదికి వెళ్ళింది. ఆమె కదల్లేదు. చెయ్యి కాసేపు అక్కడే ఉండి, కిందికి దిగింది.

రాజు వెళ్ళి వరస చివర నిలబడ్డాడు. తన వంతు రాగానే దోసిలి పట్టి, "కాసిని నీళ్ళు పొయ్యి తల్లీ" అన్నాడు. తాగి, మూతి తుడుచుకుని వచ్చాడు.

"తాగాను. ఇక నీ తల నాది."

"తాగారు, నేర్చుకుని తాగారు. నేర్చుకునే ఆ గడువేదో పిడుగుకూ ఇప్పించండి ప్రభూ."

రాజు ఆమెకేసి గుచ్చి చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. గాజులవాడు మళ్ళీ ఎండదెబ్బ అనుకునేంతగా నవ్వాడు.

పొద్దుగూకేలోపు ఓబన్న సంకెళ్ళు ఊడాయి, పిడుగు గది తలుపులు తెరుచుకున్నాయి. కోటకు చేరాక రాజు తన మెడలో హారం తీసి ఇవ్వబోతే తిరువెంగళమ్మ వద్దంది. యువరాజు పెంపకం అడిగి తీసుకుంది.

ఆ రోజే ఒక నిర్ణయానికి వచ్చింది. సాయంత్రం పూట పిల్లవాడికి కోటలో నీళ్ళు ఇవ్వకూడదు. ఓబన్నతో, పిడుగుతో చలివేంద్రానికి వెళ్ళి, వరసలో నిలబడి, నోరు తెరిచి అడగాలి.

మొదటి రోజు పిల్లవాడు దాహంతోనే తిరిగొచ్చాడు. రాణిగారు కళ్ళనీళ్ళతో వెండిచెంబు తెచ్చింది. తిరువెంగళమ్మ ఆ చెంబు అందుకుని, నీళ్ళన్నీ తులసికోటలో పోసింది. మర్నాడూ పోసింది. ఆపై రోజు పిల్లవాడు దోసిలి పట్టి తాగి, అంగీ తడుపుకుని వచ్చాడు. అయినా ఆమె ఆ నియమం సడలించలేదు.