గాజు గుల్ల, గాలిని వండే నలుసు

పైకి ఎప్పుడూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ఉప్పు పట్టించింది నేను.

మా ఇంట్లో చేప చీల్చే కత్తి నాది, ఉప్పు చెయ్యి మా అక్క నూకాలుది. ఒకరి పని ఇంకొకరం ముట్టం. అమ్మ సంతకెళ్ళిన పూట, అక్క తలనొప్పని పడుకుంటే, తొందరపడి నేనే పట్టించాను, పల్చగా. మూడో రోజుకి చేపలు ఎండేసిన పందిరి నిండా పురుగే. "నీ చెయ్యి ఇరిగిందేటే" అని అమ్మ అక్కనే తిట్టింది. అక్క నా వైపు చూసి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. ఆ వారమే అక్క ఒడిశాలో పారాదీప్‌కి రొయ్యల పనికి వెళ్ళిపోయింది. రెండేళ్ళయింది.

సంద్రంలో కంటికానని జీవులు రెండు ఒకదాన్నొకటి సాకుతూ బతుకుతాయని ఇవాళ ఫోన్లో చదివి అమ్మకి చెప్పాను. అమ్మ దాన్ని కథ చేసి, నా కూతురు పైడమ్మని జోకొడుతూ మొదలెట్టింది.

"అనగనగా ఊరే లేని నడిసంద్రం. నీళ్ళు నీలంగా మెరుస్తాయి, తినడానికి మాత్రం ఏమీ ఉండదు. అందులో కంటికానని గాజు గుల్ల ఒకటుంది. ఎండ తాగి తీపి చేసుకుంటుంది గానీ ఒంట్లో బలం లేదు.

అప్పుడది అలని అడిగింది. అల ఉప్పిచ్చింది. ఆ తర్వాత సంద్రం అడుగుని అడిగింది. అడుగు మరీ లోతు, వినబడలేదు. ఆ తర్వాత గాలిని అడిగింది. గాలి నిండా బలమే, గుల్లకే అది అరగదు.

అప్పుడొక నలుసొచ్చింది. దానికి గాలిని వండటం వచ్చు. 'చోటివ్వవే, బలం వండి పెడతా' అంది. 'రాయే, తీపి నేను పెడతా' అంది గుల్ల. అలా ఉండగా ఉండగా, నలుసు సొంతంగా బతకడం మరిచిపోయింది."

"పోట్లాడుకుంటే, అమ్మమ్మా?"

"పోట్లాడుకున్నా కలిసే ఉండాల. ఇడిపోతే రెండూ బూడిదలా అడుక్కి రాలిపోతాయి."

"ఎవరూ ఆపరా?"

"ఎవరికి కనబడతాయే." అమ్మ పైడమ్మకి దుప్పటి కప్పింది. "కథ కడలికి, మనం పడకకి" అని గోడ వైపు తిరిగింది.

అక్క వెళ్ళాక ఉప్పు నేనే పట్టిస్తున్నాను. మా చేప ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ రారు. పందిరి ఖాళీగా ఉంది. పారాదీప్‌లో అక్క రొయ్యల తలలు తీస్తోందట. వేళ్ళు పుండ్లట.

అక్క నా ఫోన్ ఎత్తకపోవచ్చు. ఎత్తినా నా గొంతు విని పెట్టేయొచ్చు. అమ్మ నన్ను ఇంట్లో ఉండనివ్వకపోవచ్చు.

పైడమ్మ నిద్రపోయింది. అమ్మ నిద్రపోలేదు, ఊపిరిని బట్టి తెలుస్తోంది. ఈ కాగితం మడిచి, అమ్మని లేపి కూర్చోబెట్టి, ఆమె వింటుండగానే అక్కకి ఫోన్ చేసి, ఆ రోజు ఉప్పు పట్టించింది నేనేనని చెప్తాను.