ముగ్గుపిండి మచ్చ

పైడయ్య మాస్టారు ప్రశ్నకు నోటితో జవాబు చెప్పగా విన్నవాళ్ళు విశాఖపట్నంలో ఎవరూ లేరు. ఆయన బాక్సింగ్ నేర్పే రేకుల షెడ్డులో మాటకు చెల్లుబాటు తక్కువ. ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందన్న పేచీ రాకుండా గ్లవ్వులకు ముగ్గుపిండి అద్దించడం అక్కడి ఆచారం. రౌండు అయ్యాక ఎవరి ఒంటిమీద తెలుపు కనిపిస్తే వాళ్ళు నోరు మూసుకోవాలి.

ఆ సాయంత్రం శిష్యుడు ఎల్లాజీ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జాతీయ శిబిరానికి పిలుపొచ్చింది, మర్నాడే రైలు. కానీ పొద్దున పేపర్లో తన ఫొటో కింద 'మరో పోలారావు' అని వేశారు. అప్పటినుంచి అతనికి కాలూ చెయ్యీ ఆడలేదు. పోలారావు ఒకప్పుడు ఈ షెడ్డులో పెరిగినవాడే. మీసాలు సరిగా రాకముందే ఒలింపిక్ పతకం అతని జేబులో పడ్డట్టు ఊరంతా చెప్పుకుంది. పతకం రాలేదు. ఇప్పుడతను ఆర్టీసీ బస్సు నడుపుతున్నాడు.

"మాస్టారండీ, పోలారావన్న అనుకున్నంత ఎదగలేదనే కదండీ అందరూ అంటారు? అంతటోడే అలాగైపోతే నేనెళ్ళి ఏం చేస్తానండీ? రానని చెప్పేద్దామనుకుంటున్నాను."

డ్యూటీ దిగి, ఎప్పటిలాగే గురువుగారిని చూసిపోదామని వచ్చిన పోలారావు గుమ్మంలోనే ఉన్నాడు. మాస్టారు గడ్డం ఎత్తి ఇద్దరికీ రింగు చూపించారు.

పోలారావు ఖాకీ చొక్కా విప్పి తాడుకు తగిలించాడు. జుట్టు సగం నెరిసింది, బనియను కింద పొట్ట దాగనంటోంది. ఇద్దరూ హెడ్‌గార్డులు బిగించుకుని, గ్లవ్వులకు పిండి అద్దుకున్నారు. గంట కొట్టాక ఎల్లాజీ మొదట పెద్దవాడని చూసి కొట్టాడు. కాసేపటికి చూడకుండా కొట్టాడు. ఆ తర్వాత పళ్ళు బిగించి కొట్టాడు. ఒక్కటీ తగల్లేదు. పోలారావు గెంతలేదు, పరిగెత్తలేదు. కదిలే బస్సులో టికెట్లు కొట్టే కండక్టరులా అటూ ఇటూ ఊగాడంతే.

రౌండు ముగిసింది. ఎల్లాజీ ఆయాసపడుతూ తన నల్ల బనియను చూసుకున్నాడు. పిండి నలుసైనా లేదు. నేను కొట్టలేకపోయాను సరే, అన్న కూడా కొట్టలేకపోయాడు కదా, చెయ్యి పడిపోయింది పాపం అనుకున్నాడు. జాలితో పాటు కాస్త ధైర్యమూ వచ్చింది.

"నా మీదా ఏం లేదండి," అన్నాడు.

"హెడ్‌గార్డ్ తియ్యి," అన్నారు మాస్టారు.

తీసి చూశాడు. ఎడమ కణత దగ్గర ఒకే ఒక్క మచ్చ, పెళ్ళినాటి కల్యాణం బొట్టంత. చుట్టుపక్కల ఎక్కడా చెదరలేదు. పిండిమీద పిండి పడి గట్టిగా పేరుకుంది. అన్నిసార్లు ఆ చెయ్యి వచ్చి, ఒకే చోట ఆని, వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా తనకు తెలియలేదు. అందులో ఏ ఒక్కటి నిజం దెబ్బైనా ఈపాటికి తను వెల్లకిలా పడి రేకులు చూస్తుండేవాడు. ఎల్లాజీకి భయం వేయలేదు. కొండమీద గర్భగుడి తెర తీసినప్పటిలాగా ఒళ్ళు జలదరించింది.

"ఇంత చెయ్యి పెట్టుకుని ఎలా ఓడిపోయావన్నా?" అన్నాడు.

పోలారావు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "ఎలాగేటి తమ్ముడూ. నాకన్నా గట్టోలు తగిలినారు. ఓడిపోనాను."

ఆ మాటలో బాధ లేదు. సముద్రం లోతుగా ఉంటుందని చెప్పినట్టు చెప్పాడు. ఎల్లాజీ మాత్రం నిలబడ్డచోటే నిలబడిపోయాడు. ఈ చేతికన్నా గట్టివాళ్ళా! వాళ్ళెలా ఉంటారు, ఎలా కదులుతారు? తను ఇన్నాళ్ళూ ఆడుతున్న ఆటకు ఇంత ఎత్తుందని అతనికి ఆ క్షణందాకా తెలియదు.

మాస్టారు ఆ హెడ్‌గార్డ్ అందుకున్నారు. మచ్చ తుడవకుండానే ఎల్లాజీ సంచిలో పెట్టి, సంచి అతని చేతికిచ్చారు.

"వీడు ఆగిన చోటిదాకా ఓసారి వెళ్ళిరా," అన్నారు. "వీడు ఎదిగింది తక్కువో ఎక్కువో, అప్పుడొచ్చి నువ్వే నాకు చెబుదువుగాని."